జీతమూ బత్తెమూ: మన సాహిత్యం వదిలేసిన లెక్క

'జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానన్నదట' అని తెలుగు సామెత. తోడేలు గుణాన్ని గురించి అందరూ చెప్పుకుంటారు గాని, ఆ సామెతలో పక్కపక్కన నిలబడిన రెండు మాటలను పట్టించుకున్నవారు తక్కువ. జీతం పనికి ముట్టే ప్రతిఫలం. బత్తెం తిండికీ, దారి ఖర్చుకూ, మనిషి మరుసటి రోజు మళ్లీ పనిలోకి రావడానికి కావలసిన సామగ్రికీ ఇచ్చేది. సామెతను పుట్టించిన జనానికి ఈ రెండూ వేరువేరు అని తెలుసు. ఒకటి ఇచ్చి రెండోది ఎగవేసే యజమానులు ఉంటారనీ తెలుసు. అందుకే రెంటినీ జంటగా కట్టి 'జీతబత్తేలు' అన్నారు.

మన అభ్యుదయ సాహిత్యం ఈ జంటలో మొదటి మాటను పట్టుకుని రెండో మాటను జారవిడిచిందని నా అభిప్రాయం. కూలి రేటు కోసం జరిగిన పోరాటాల మీద మనకు కథలున్నాయి, పాటలున్నాయి, నవలలున్నాయి. ఐతే రేటు పెరిగిన తర్వాతి నెలలో ఆ కూలివాని ఇంట్లో ఏం జరిగిందో చూసిన రచన బహు అరుదు. ఈ లోపం కేవలం సాహిత్య లోపమైతే ఇంత చర్చ అవసరం లేదు. నేడు పెద్ద సంస్థలలో కనీస వేతనం పెంచవలసి వచ్చినపుడు, దానికి బదులుగా ఏదో ఒక సౌకర్యాన్ని కోసివేయడం తరచు జరుగుతున్నది. సౌకర్యం అడిగితే, వేతనం పెంచాం గదా అన్న జవాబు వస్తున్నది. కార్మికుడు ఈ మార్పిడిని అర్థం చేసుకోవడానికి తంటాలు పడుతున్నాడు. అతనికి తోడుగా నిలవవలసిన సాహిత్యం వద్ద ఆ లెక్క లేదు.

నేను సాహిత్యం బోధించేవాణ్ని. ఐనా దిగువ అహోబిలంలో కాపురమున్నవాడికి ఈ ప్రశ్న ఇంటి ముందే కనబడుతుంది. ఏటా కనుమనాడు స్వామి పల్లకి పారువేటకు బయలుదేరి, నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లలో తిరుగుతుంది. ఆ పల్లకి మోసే హక్కు బోయీలకు తరతరాలుగా వస్తున్నది. మోయడం వాళ్లకు పని, హక్కు, గౌరవం కూడా. ఇందులో దేనికెంత వెల అని విడదీసి చెప్పమంటే వాళ్లు నవ్వుతారు. పాత సమాజంలో శ్రమకు ముట్టే ప్రతిఫలం ఇట్లాగే ఉండేది. గింజలు, గుడ్డలు, ఇనాం నేల, ప్రసాదం, మర్యాద అన్నీ కలిసిన ముద్ద అది. నాణెం అందులో చిన్న భాగం.

ఎఱ్ఱన తన నృసింహపురాణంలో ఈ క్షేత్రాన్ని కీర్తించాడు. కావ్యం చూపు స్వామి మీద నిలిచింది. స్వామికి వండినవాణ్ని, మోసినవాణ్ని, దివిటీ పట్టినవాణ్ని చూసినవి శాసనాలు. విజయనగర కాలపు దేవాలయ శాసనాలు ఒక విధంగా మన మొదటి జీతాల పట్టీలు. తిరుమల శాసనాలలో నైవేద్యం ఏర్పాటు చేసిన దాతకు ప్రసాదంలో నాలుగో వంతు పాలు రాసి ఉంటుంది. ఆ పాలును దాత మరొకరికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. అంటే దేవుని ముందు పెట్టిన అన్నం కూడా చేతులు మారే ఆస్తి అయింది. నగదు ఒకటే నిజమైన వేతనమని అనుకునేవారు ఈ చరిత్రను గమనించాలి.

ఐతే ఆ పాత ముద్దలో తియ్యదనమే ఉండేదని భ్రమపడరాదు. ఎవరికి ఎంత పాలు అన్నది పుట్టుకను బట్టి ఉండేది. 1987లో వచ్చిన 30వ నంబరు దేవాదాయ చట్టం ఈ రాష్ట్రంలో అర్చకుల, మిరాశీదారుల వంశపారంపర్య హక్కులనూ, కానుకలలో ప్రసాదాలలో వారి వాటాలనూ రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. పుట్టుకతో వచ్చే వాటాకు బదులు పనికి జీతం అన్న సూత్రం అభ్యుదయకరమైనదే. ఆదాయం ఉన్న పెద్ద గుడులలో జీతం వాటా స్థానంలో నిలబడగలిగింది. దీపానికి నూనె దొరకని పల్లె గుడులలో మాత్రం వాటా పోవడం సులభంగా జరిగింది, జీతం రావడం అంత సులభంగా జరగలేదు. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇవ్వవలసి వచ్చింది. నేను పాత మిరాశీని వెనకేసుకు రావడం లేదు. ఒక రూపంలో ఉన్న ప్రతిఫలాన్ని మరో రూపంలోకి మార్చేటప్పుడు, దారి మధ్యలో కొంత భాగం మాయమయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుందని మాత్రమే చెబుతున్నాను.

గుడి నుంచి కంపెనీకి వద్దాం. కంపెనీ అనగానే మనకు పొగగొట్టాలు తోస్తాయి గాని, రాయలసీమకు వచ్చిన మొదటి పెద్ద కంపెనీకి పొగగొట్టాలు లేవు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ కంపెనీ సైన్యంలో జీతంపైన ఇచ్చే దానిని 'బట్టా' అనేవారు. 1766లోనే క్లైవు బెంగాలులో రెట్టింపు బట్టాను ఆపివేస్తే, అక్కడి తెల్ల అధికారులే మూకుమ్మడిగా రాజీనామాలకు దిగారు. కంపెనీ వారి జీతం జోలికి పోలేదు, బట్టాను మాత్రమే ముట్టుకుంది. జీతం తాకకుండా రాబడి కోయవచ్చునన్న కిటుకు పెద్ద కంపెనీలకు ఇంత పాతది.

అధికారులకు రాజీనామా అన్న ఆయుధం ఉంది. కరువు కూలికి అది కూడా లేదు. 1876–78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండిపోయిన ఆ కాలంలో, 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలోని కరువు పనుల కూలిని కుదించాడు. మగవానికి రోజుకు ఒక పౌను గింజల ధర, దానిపైన కొద్ది చిల్లర. ఖజానాకు ఎంత మిగులుతుందన్న చోట అతని లెక్క మొదలయింది. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ దానిని వ్యతిరేకించాడు. ఎండలో మట్టి మోసే శరీరానికి ఏమేమి కావాలన్న చోట అతని లెక్క మొదలయింది. కొద్ది నెలలకే సర్కారు కూలిని కొంత పెంచక తప్పలేదు. వేతనాన్ని గురించి నేటికీ లోకంలో నడుస్తున్న వాదాలన్నీ ఈ రెండు లెక్కలలో ఏదో ఒకదాని బిడ్డలే. ఒకటి ఇచ్చేవాని సంచి నుంచి బయలుదేరుతుంది, రెండోది పుచ్చుకునేవాని ఒంటి నుంచి బయలుదేరుతుంది.

ఇప్పుడు మన సాహిత్యం ఏ లెక్క వైపు నిలిచిందో చూద్దాం. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' కూలివాని ప్రశ్నను నవల నడిబొడ్డుకు తెచ్చింది. కూలీల పక్షం వహించిన సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణం విడుస్తాడు. ఆ తర్వాత కథ వెంకటదాసు తిరుగుబాటు వైపు, సంగపీఠం ఆదర్శం వైపు నడుస్తుంది. ఆ విస్తృతి వల్లనే అది మహానవల అయింది. కాని సంగదాసు ఎవరికోసం పోయాడో ఆ కూలీల ఇంటి రోజువారీ లెక్క ఆ విస్తృతిలో వెనకబడింది. విద్వాన్ విశ్వంగారి 'పెన్నేటి పాట' మన సీమ కరువు బతుకును రంగన్న, గంగమ్మల ద్వారా కంటికి కట్టించింది. అక్కడ కూలి అంటే ఆకలికీ మనిషికీ మధ్య ఉన్న పల్చటి తెర. ఈ రెండు రచనలలోనూ కార్నిష్ లెక్క ఉంది. శరీరం ఉంది, ఆకలి ఉంది. కాని యజమాని ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకునే కిటుకు అక్కడ వస్తువు కాలేదు.

ఆ కిటుకును కథావస్తువుగా చేసిన ఘనత కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' (1964)కు దక్కాలి. అప్పల్రాముడి అప్పు మీద శ్రీరాములు నాయుడి సమక్షంలో ఊరు తీర్పు చెబుతుంది. ఎవరూ దౌర్జన్యం చేయరు. అందరూ న్యాయంగానే మాట్లాడతారు. లెక్క ఎక్కడా తప్పదు. ఆ తప్పని లెక్క చివరికి సీతారాముణ్ని తన కొడుకునే నరికే స్థితికి తెస్తుంది. లెక్కే ఇక్కడ ప్రతినాయకుడు. ఈ కథ వచ్చిన తర్వాత మన కథకులు ఆ తీర్పులోని వర్గ స్వభావాన్ని గ్రహించారు గాని, లెక్కను అంకె వెంట అంకెగా చదివిన ఆ పద్ధతిని అందుకున్నవారు తక్కువ. ఫలితంగా మన కార్మిక కథలలో రెండు మూసలు మిగిలాయి. ఒకదానిలో జెండా లేస్తుంది, రేటు పెరుగుతుంది, కథ ముగుస్తుంది. రెండోదానిలో పండుగకు కొత్త బట్టలు పెట్టిన మంచి ఆసామిని తలచుకుని ముసలి జీతగాడు కన్నీరు పెడతాడు. మొదటి మూస బత్తేన్ని మరిచింది. రెండో మూస బత్తేన్ని దయగా పొరబడింది.

బత్తెం దయ కాదని మన దేశంలో అధికారికంగానే ఒప్పుకున్న సందర్భం ఒకటి ఉంది. 1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనాన్ని లెక్కగట్టే పద్ధతిని నిర్ణయించింది. సంపాదించే మనిషికి ముగ్గురు వాడకందార్ల లెక్కన తిండి, మనిషికి రోజుకు 2,700 కేలరీలు, నలుగురి కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు దీపం వగైరాలకు మొత్తంలో ఐదో వంతు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దీనికి పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం మరో 25 శాతం చేర్చింది. ఈ పట్టీని జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తేలుతుంది. మనం ఇవాళ 'సౌకర్యం' అని వేరుచేసి పిలిచే వైద్యమూ, పిల్లల చదువూ, ముసలితనపు కూడూ కనీస వేతనం లోపలి వస్తువులే. అవి వేతనంపైన వేసిన పూలు కావు. కనుక వేతనం పెంచాం కాబట్టి వైద్యం తీసేశాం అన్న యజమాని, బియ్యం పోశాను కాబట్టి ఉప్పు ఎత్తుకెళ్లానన్నట్టు మాట్లాడుతున్నాడు.

ఇది మాటల వాదం కాదని చూపడానికి ఒక లెక్క వేస్తాను. నంద్యాల, కడప జిల్లాల్లో సున్నపురాయి దొరికే మేరా సిమెంటు కర్మాగారాలున్నాయి. వాటిలో పర్మనెంటు కార్మికులు కొందరు, కాంట్రాక్టరు కింద పనిచేసేవారు అంతకంటె ఎక్కువ మంది. నెలకు 20,600 రూపాయల వేతనం గల కార్మికుడు ఒకడున్నాడనుకుందాం. కార్మిక బీమా పథకంలో (మనవాళ్లు ఈఎస్ఐ అంటారు) అతని చందా 0.75 శాతం, అంటే 154 రూపాయల 50 పైసలు. యజమాని చందా 3.25 శాతం, అంటే 669 రూపాయల 50 పైసలు. 2017 జనవరి నుంచి ఈ పథకానికి వేతన పరిమితి 21,000. ఇప్పుడు యజమాని ఉదారంగా 800 రూపాయలు పెంచాడు. వేతనం 21,400 అయింది. నడుస్తున్న చందా కాలమూ, దానికి చెందిన సౌకర్య కాలమూ ముగిశాక ఆ కుటుంబం పథకం నుంచి బయటికి పోతుంది. యజమానికి 800 ఖర్చైంది, 669 రూపాయల 50 పైసలు మిగిలింది. నికరంగా అతను పెట్టింది 130 రూపాయల 50 పైసలు. కార్మికుని చేతికి 954 రూపాయల 50 పైసలు ఎక్కువ వచ్చింది. దానికి బదులుగా పోయినవి భార్యాబిడ్డలతో సహా వైద్యం, జబ్బుపడిన రోజులకు ఏడాదికి 91 రోజులదాకా సగటు వేతనంలో 70 శాతం నగదు.

ఇటువంటి స్థితిలోనే ఉన్న కార్మికుడొకరు, మా విద్యార్థి తండ్రి, నాతో అన్న మాట ఇది: 'పెంచినారంటే సంతోషపడితి సార్. కార్డు పన్జేయదని ఆస్పత్రి కాడ చెప్పినంకనే తెల్సింది.' ఆయన మోసపోయానని అనలేదు. ఎవరి మీదా కోపం చూపలేదు. పెరుగుదల చీటీ మీద అంకె రాసి ఉంది గాని, ఆ అంకె వెంట ఏది పోతుందో రాసి లేదు. నన్ను ఎక్కువ బాధించింది ఆ రాయని పంక్తి. నవలాకారుడు రాయవలసిన పంక్తి కూడా అదే.

దీనికి తలకిందులుగా నడిచే కిటుకు కూడా ఉంది. మూలవేతనం చిన్నదిగా ఉంచి, ప్రయాణమని, చాకలి ఖర్చని, ప్రత్యేకమని రకరకాల పేర్లతో భత్యాల పట్టీ పెంచడం. అప్పుడు చేతికి వచ్చేది అంతే ఉంటుంది గాని, మూలవేతనం మీద లెక్కగట్టే భవిష్యనిధీ గ్రాట్యుటీ చిక్కిపోతాయి. నేటి అంకె నిండుగా కనబడుతుంది, ముసలితనపు అంకె కరిగిపోతుంది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అందరికీ ఒకే తీరుగా ఇచ్చే భత్యాన్ని మూలవేతనంలో భాగంగానే చూసి భవిష్యనిధి లెక్క కట్టాలని తీర్పు చెప్పింది. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. మినహాయించే భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలని అందులో నియమం ఉంది. నియమం మంచిదే. కాని భవిష్యనిధి చందా పెరిగినందువల్ల నెల చివర చేతికి తక్కువ వచ్చే యువకుడు దీనిని లాభమని ఎట్లా గుర్తిస్తాడు? అతని నేటి అవసరానికీ రేపటి అవసరానికీ మధ్య పంచాయితీ పెట్టి, యజమాని పక్కకు తప్పుకునే ప్రమాదం ఇక్కడ ఉన్నది.

ఈ లెక్కను కార్మికులే చదివి గెలిచిన సందర్భం ఒకటి చెప్పాలి. మన పట్టణాలను ఊడ్పించే పురపాలక వ్యవస్థ ఏ కంపెనీకీ తీసిపోని యజమాని. ఆంధ్రప్రదేశ్‌లో పారిశుధ్య కార్మికులకు 2019లో 12,000 వేతనం, 6,000 ఆరోగ్య భత్యం కలిపి 18,000 నిర్ణయించారు. తర్వాత వేతనం 15,000కు పెరిగింది. అప్పుడు ఆరోగ్య భత్యం పూర్తిగా నిలుస్తుందా అన్నది వివాదమైంది. వేతనం మూడు వేలు పెరిగి భత్యం మూడు వేలు తగ్గితే, మొత్తం కదలకుండా ఉన్నచోటే ఉంటుంది. కాగితం మీద మాత్రం జీతం పెరిగినట్టే. 2022 జూలైలో వారు చీపుళ్లు కింద పెట్టారు. 15,000 వేతనం, దానిపైన 6,000 ఆరోగ్య భత్యం, మొత్తం 21,000 అన్న హామీ తీసుకుని పనిలోకి వెళ్లారు. ఇక్కడ పోరాటం రేటు కోసం కాదు. రేటు అప్పటికే పెరిగింది. ఒకటి పెరిగిందని మరొకటి తగ్గించే అధికారం నీకెవరిచ్చారన్న ప్రశ్న కోసం. కుళ్లులో చేతులు పెట్టేవానికి ఆరోగ్య భత్యం అలంకారం కాదు, ఆ పని చేసే ఒంటికి చెల్లించే మరమ్మతు ఖర్చు. నాకు తెలిసినంతలో ఈ ఘట్టం మీద చెప్పుకోదగిన తెలుగు కథ రాలేదు.

లోకంలో అతి పెద్ద కంపెనీలలోనూ ఇదే నడుస్తున్నది. హైదరాబాదులో మన పిల్లలు వేల సంఖ్యలో పనిచేసే అమెజాన్ కంపెనీ, 2018 అక్టోబరులో అమెరికాలో కనీస కూలిని గంటకు 15 డాలర్లకు పెంచుతున్నామని ప్రకటించింది. లోకమంతా మెచ్చుకుంది. ఆ వెంటనే గిడ్డంగి కార్మికులకు నెలనెలా ముట్టే ప్రోత్సాహక బోనసులనూ, కంపెనీ వాటాలు ఇచ్చే పద్ధతినీ తీసివేస్తున్నట్టు తేలింది. కొత్తగా చేరినవానికి లాభం. ఏళ్ల తరబడి పనిచేసి పదిహేనుకు దగ్గరలో ఉన్నవానికి నష్టమన్న ఆందోళన పుట్టింది. కార్మికులు లెక్కలు వేసి గొడవ చేశాక, పాతవారి కూలిని మరికొంత సవరిస్తామని కంపెనీ చెప్పవలసి వచ్చింది. వాటాలు ఎప్పుడు చేతికి వస్తాయో, ధర ఎంతుంటుందో తెలియదు గనుక నగదే మేలన్నది కంపెనీ వాదం.

ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. నగదులో స్వేచ్ఛ ఉంది. మన పల్లెల్లో ఆసామి పెట్టే సంగటిముద్ద వద్దు, కూలి డబ్బులు చేతిలో పెట్టమని అడిగిన దళిత జీతగాడు తన మానం నిలుపుకోవడానికే అడిగాడు. సంగటిముద్దతో పాటు పశువులపాకలో పడకా, వేళాపాళా లేని పిలుపూ వచ్చేవి. 1948 నాటి కనీస వేతనాల చట్టం కూలిని నగదులోనే చెల్లించాలని చెప్పడం వెనుక ఈ అనుభవం ఉంది. కంపెనీ ఇచ్చే ఇల్లు, కంపెనీ బడి, కంపెనీ ఆసుపత్రి కూడా ఒకప్పటి పాకలాగే మనిషిని కట్టివేయగలవు. ఉద్యోగం పోయిననాడు ఇల్లూ, వైద్యమూ, బిడ్డ చదువూ ఒక్కసారే పోతాయన్న భయం సమ్మెను ఆపే గొలుసు. కనుక సౌకర్యాలన్నీ మంచివి, నగదంతా చెడ్డది అన్న తీర్మానానికి నేను రాను.

సౌకర్యం ఒక గోడ కూడా కాగలదు. సింగరేణి కార్మికులు లాభాలలో వాటాను పోరాడి తెచ్చుకున్నారు, అది వారి చెమట. 2024లో లాభాలలో 33 శాతం పంచినపుడు పర్మనెంటు కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు ముట్టింది. అదే బొగ్గు నేల మీద పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి 5,000 ముట్టింది, అదీ మొదటిసారిగా. ఇద్దరి ముఖాలకూ అంటిన మసి ఒకటే. కనీస వేతనం పెంపు వల్ల కాంట్రాక్టు కార్మికుని బతుకు కొంత మెరుగుపడవచ్చు. కాని సౌకర్యాల గోడ అట్లాగే ఉంటే, ఇద్దరూ ఒకే వర్గమన్న స్పృహ రాదు. యజమానికి ఈ గోడ ఉపయోగం ఎంతో వేరే చెప్పనక్కర లేదు.

మరి అభ్యుదయవాది ఏ పక్షం తీసుకోవాలి? వేతనమా, సౌకర్యమా అన్న ప్రశ్నను ఆ రూపంలో అంగీకరించడమే యజమాని గీసిన బరిలో దిగడం. మనం అడగవలసింది వేరు: ఒకదానిని మరొకదానిగా మార్చే అధికారం ఎవరిది? ధాత కరువులో టెంపుల్‌కు ఆ అధికారం ఉంది, కూలికి లేదు. 2022లో పారిశుధ్య కార్మికులు ఆ అధికారాన్ని తమ వైపు కొంత లాక్కున్నారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, వేతనాలనూ భత్యాలనూ అలవాటుగా వస్తున్న రాయితీలనూ మార్చదలచిన యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం ఉండేది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దానిని ఉంచింది. ఇది గట్టి పట్టు. కాని నోటీసు అంటే సమ్మతి కాదు. పైగా కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు చీటీ రాయించుకునే కార్మికునికి 'అలవాటుగా వస్తున్నది' అని చూపించుకోవడానికి గతమే మిగలదు. కార్మికుల సమ్మతి లేని మార్పిడి చెల్లదన్నది మన మొదటి డిమాండు కావాలి.

రెండోది ఇంకా లోతైనది. ప్రాణం నిలిపే వస్తువులు, అంటే వైద్యం, చదువు, ముసలితనపు కూడు, యజమాని బేరం పెట్టగల సరుకుగా ఉన్నంతకాలం అతను వాటిని తక్కెడలో వేస్తూనే ఉంటాడు. వాటిని సమాజం పౌరులందరికీ హక్కుగా సమకూర్చిననాడు తక్కెడలో మిగిలేది వేతనం ఒక్కటే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ దిశలో ఒక అడుగు. అది పెద్ద చికిత్సను చూస్తుంది గాని, జబ్బుతో మంచం పట్టిన నెలలో పొయ్యి మీదికి బియ్యం ఇవ్వదు. దానికీ ఆదాయపు హద్దు ఉంది. జీతం పెరిగితే కార్డు పోతుందేమోనన్న భయం మళ్లీ అక్కడా ఎదురవుతుంది. హద్దులు గీసి ఇచ్చే ప్రతి హక్కూ ఆ హద్దు దగ్గర నిలబడినవానికి ఉచ్చు అవుతుంది.

ఇక రచయిత సంగతి. కార్మికుణ్ని గురించి రాయదలచిన యువ రచయితకు నేను చెప్పగలిగింది ఇంతే. సభలో అతని ఉపన్యాసం విన్నది చాలు, అతని జీతం చీటీ అడిగి చదవండి. ఎడమవైపు పంక్తులు, కుడివైపు పంక్తులు, గత ఏడాదిలో ఉండి ఈ ఏడాది లేనివి గుర్తుపెట్టండి. ఆ చీటీని ఇంట్లో ఎవరు దాచుతారో, నెల మధ్యలో ఎవరు అప్పుకు పోతారో చూడండి. చాలా ఇళ్లలో ఆ లెక్క మోసేది ఆడది. కాని మన కార్మిక కథలలో ఆమె గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తుందే తప్ప లెక్క చెప్పదు. 2022 సమ్మెలో చీపురు కింద పెట్టిన చేతులు ఎక్కువగా ఆడవాళ్లవేనన్నది గుర్తుంచుకోండి.

ఒంటి అవసరం వైపునుంచి లెక్కకట్టిన కార్నిష్ ఒక సర్కారు ఉద్యోగి. లెక్కనే తీర్పుగా చూపిన రామారావుగారు ఒక బడిపంతులు. ఇద్దరూ చేసింది అంకెను అనుమానించడం. మన త్రైమాసికానికి వచ్చే కథలలో ఇకనైనా రేటు పెరిగిన మరుసటి నెల కనబడాలని, కార్డు పనిచేయదని ఆసుపత్రిలో చెప్పిన గుమాస్తా కనబడాలని, ఆ పెరుగుదల చీటీని తయారుచేసిన చేయి కూడా కనబడాలని కోరుతున్నాను. అట్లాంటి కథలు రెండు వచ్చినా, జీతబత్తేలన్న జంటమాటలోని రెండో సగం మన సాహిత్యంలోకి తిరిగి వచ్చినట్టే.